పాత కారు కొనుగోలు: కాగితం చెప్పేదీ, బండి చెప్పేదీ

పాత కారు ధరను నిర్ణయించేవి ముఖ్యంగా నాలుగు: తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ఎన్ని చేతులు మారింది, ఇన్నాళ్లూ దాన్ని ఎలా చూసుకున్నారు. మొదటి మూడూ కాగితం మీద దొరుకుతాయి. నాలుగోదాన్ని బండిలోనే వెతుక్కోవాలి. మోసాలు బయటపడేది ఈ రెండింటికీ పొంతన కుదరని చోటే. మీటరు నలభై వేలు చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటుంది. చిన్న గీత కూడా పడలేదన్న బండికి ఒక్క తలుపు అద్దం మాత్రం వేరే కంపెనీది ఉంటుంది. కాగితాన్నీ బండినీ విడివిడిగా చూసినవారికి రెండూ బాగానే కనిపిస్తాయి. ఒకదానితో మరొకటి సరిచూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

ధర లెక్క

కొత్త కారు షోరూము దాటిన రోజు నుంచే విలువ తగ్గడం మొదలవుతుంది. ఎంత తగ్గుతుందో అంచనాకు బీమా రంగం వాడే పట్టిక పనికొస్తుంది. పాలసీలో ‘ఐడీవీ’ పేరుతో కనిపించే విలువను కట్టేటప్పుడు కంపెనీ ధరలోంచి ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు బండికి 50 శాతం తీసేస్తారు. ఐదేళ్లు దాటినవాటికి బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ నిర్ణయిస్తారు. మార్కెట్ ధర దీనికి కాస్త అటూఇటూగా ఉంటుంది. గిరాకీ ఉన్న మోడళ్లు ఇంతకన్నా ఎక్కువే పలుకుతాయి. తయారీ ఆగిపోయిన మోడళ్లు చవగ్గా వస్తాయి. షెవ్రోలె కార్ల అమ్మకాలు మన దేశంలో 2017లో ఆగిపోయాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీ నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి బండి కొనేముందు ఉన్న ఊళ్లో దాని పని తెలిసిన మెకానిక్ ఉన్నాడా, విడిభాగాలు ఎన్నాళ్లకు వస్తాయి అన్నది విచారించుకోవాలి.

బేరానికి కూర్చునేటప్పుడు ఆ బండిని యజమాని అప్పట్లో ఎంతకు కొన్నాడన్నది లెక్కలోకి రాదు. అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకు దొరుకుతోందన్నదే లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దానిపైన సెస్సు ఉండేవి. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధరా తగ్గాల్సిందే.

రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఒకచోట, రిజిస్ట్రేషన్ తేదీ మరోచోట ఉంటాయి. డిసెంబరులో తయారై ఏప్రిల్‌లో రిజిస్టరైన బండిని అమ్మేవారు కొత్త సంవత్సరం లెక్కలోనే చెబుతారు. ధర కట్టాల్సింది తయారైన సంవత్సరం నుంచి.

భద్రత విషయంలోనూ తయారైన తేదీకి విలువ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ ఏబీఎస్ బ్రేకులు, అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వేగం హద్దు మీరితే మోగే అలారం, రివర్స్ సెన్సర్లు తప్పనిసరయ్యాయి. 2022 జనవరి నుంచి ముందు సీట్లో పక్కన కూర్చునేవారికీ ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిందే. అంతకుముందు తయారైన చవక వేరియంట్లలో ఇవేవీ లేకపోవచ్చు. ఇరవై ముప్పై వేల తేడా కోసం పాత వేరియంట్ వైపు మొగ్గేవారు ఈ తేదీలను గుర్తుంచుకోవడం మంచిది.

పెట్రోలా, డీజిలా?

దీనికి జవాబు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెట్రోలు లీటరు రూ.108, డీజిల్ రూ.96 అనుకుందాం. పెట్రోలు బండి లీటరుకు 16, డీజిల్ బండి 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, నెలకు 800 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి పెట్రోలు ఖర్చు రూ.5,400, డీజిల్ ఖర్చు రూ.3,840 అవుతుంది. ఏడాదికి మిగిలేది రూ.18,720. డీజిల్ బండికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి ఉంటే ఆ లక్ష తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవారికి అదే లక్ష రెండేళ్లు దాటగానే చేతికొస్తుంది.

డీజిల్‌లో మరో చిక్కుంది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల కోసం డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ పెట్టారు. పొగ బాగా వేడెక్కినప్పుడే అందులో చేరిన మసి కాలిపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లొచ్చే బండిలో ఆ వేడి పుట్టదు. ఫిల్టర్ మూసుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది, చివరికి భారీ ఖర్చు తెచ్చిపెడుతుంది. వారానికోసారైనా హైవే మీద నడిపేవారికే బీఎస్-6 డీజిల్ నప్పుతుంది.

పెట్రోలు బండి కొనేవారు చూడాల్సింది ఇథనాల్ సంగతి. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునేలా తయారవుతున్నాయి. అంతకుముందువాటిలో చాలా మోడళ్లు పది శాతానికి సరిపడేలా రూపొందినవి. ఇథనాల్‌లో పెట్రోలుకన్నా శక్తి దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. పాత బండ్లలో ఇంధన గొట్టాల రబ్బరు, వాషర్లు పగుళ్లిచ్చాయేమో సర్వీసు చేయించిన ప్రతిసారీ చూపించుకోవాలి.

ఎవరి దగ్గర కొనాలి?

నేరుగా యజమాని దగ్గర కొంటే ధర తక్కువ పడుతుంది, బండి చరిత్ర అతని నోటే వినొచ్చు. కానీ తర్వాత ఏ లోపం బయటపడినా అడిగే హక్కు దాదాపు ఉండదు. మారుతీ ట్రూవ్యాల్యూ, మహీంద్రా ఫస్ట్ ఛాయిస్ లాంటి సంస్థలు, ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలు పరీక్షలు చేసి, కొంతకాలం వారంటీ ఇచ్చి అమ్ముతాయి. అందుకు తగ్గట్టే ధరా ఎక్కువ. వారంటీ కాగితంలో ఏ భాగాలు ఉన్నాయి, క్లచ్, సస్పెన్షన్, ఏసీ లాంటివి మినహాయించారా అన్నది చదివాకే ఆ ఎక్కువ ధర సమంజసమో కాదో తేలుతుంది.

మూడో దారి పాత కార్ల డీలర్లు. 2023 ఏప్రిల్ నుంచి వీరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. అధికారం ఉన్న డీలరుకు బండి అప్పగించినప్పుడు యజమాని ఫారం 29సీ ద్వారా ఆ సంగతి తెలియజేస్తే, అప్పటినుంచి బండి బాధ్యత డీలరుదే. కొనేవారు ఆ పత్రాన్ని చూపించమని అడగడంలో తప్పులేదు.

తెలుగు రాష్ట్రాల్లో చవగ్గా కనిపించే ఖరీదైన డీజిల్ కార్లలో కొన్ని ఢిల్లీ నుంచి వచ్చినవి. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో పెట్టిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ ఆంక్షల అమలు తీరు తర్వాత మారుతూ వచ్చినా, గడువు దగ్గరపడిన బండ్లను దక్షిణాదికి అమ్మేయడం అలవాటుగా మారింది. చూపుకు బాగుండే ఇలాంటి బండి కొనేవారు దాని ధరకు మరో మూడు ఖర్చులు కలుపుకోవాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28పై ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు కోసం ఫారం 27 దాఖలు చేయాలి. వేరే రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఎన్‌ఓసీ చేతికి రాకముందే పూర్తి సొమ్ము ఇచ్చి, నెలల తరబడి తిరుగుతున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

కాగితాలు చదవడం

మొదట చూడాల్సింది ఆర్సీ. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో యజమాని, బీమా ఎప్పటివరకు ఉంది, ఎవరి దగ్గరైనా రుణం ఉందా, బ్లాక్‌లిస్టులో పడిందా అన్నవి కనిపిస్తాయి. చేతిలోని ఆర్సీతో వాటిని సరిచూడాలి. సొంత కార్లకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. పద్నాలుగేళ్ల బండిని బేరమాడేటప్పుడు ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి.

ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద చెక్కినవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆ చోట రాపిడి గుర్తులు, మళ్లీ పెయింట్ వేసిన జాడ, వంకరటింకర అంకెలు కనిపిస్తే అక్కడితో ఆగిపోవడమే క్షేమం.

ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటుంది. అప్పు తీరిపోయిందన్న మాట చాలదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, సంతకాలు చేసిన ఫారం 35 ఆర్టీఏలో దాఖలై, ఆ పేరు ఆర్సీ నుంచి తొలగాలి. చలానాలను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సైట్లు రెండింటిలోనూ, కేంద్రం నడిపే ఈ-చలాన్ పోర్టల్‌లోనూ చూడాలి. హైదరాబాద్‌లో తిరిగే ఏపీ బండి మీద రెండు చోట్లా చలానాలు ఉండొచ్చు.

బీమా పాలసీ బండి గతం గురించి చాలా చెబుతుంది. ఏడాదంతా క్లెయిమ్ లేకుండా గడిస్తే మరుసటి ఏడాది ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియంలో 20 శాతం రాయితీ వస్తుంది. అది వరుసగా 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. ఒకే యజమాని చేతిలో ఆరేళ్లుగా ఉన్న బండి పాలసీలో ఈ బోనస్ సున్నా అని ఉంటే, గత ఏడాది క్లెయిమ్ జరిగి ఉండాలి, లేదా పాలసీ తొంభై రోజులకు మించి లాప్స్ అయి ఉండాలి. రెండిట్లో ఏది జరిగినా అడిగి తెలుసుకోవాల్సిందే.

సర్వీసు రికార్డు మీటరుకు సాక్షి. కంపెనీ సర్వీస్ సెంటర్లలో బండి వచ్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు కంప్యూటర్‌లో ఎక్కుతాయి. యజమాని వెంట ఉంటే నంబరు చెప్పి ఆ చరిత్ర తీసుకోవచ్చు. రెండేళ్ల కిందటి బిల్లులో 71 వేలు ఉండి, ఇప్పుడు మీటరులో 52 వేలు కనిపిస్తే ఇంకో మాట అక్కర్లేదు. బిల్లులే లేకపోతే ఏడాదికి సగటున 10–12 వేల కిలోమీటర్లు వేసుకుని, స్టీరింగ్ చక్రం, గేరు నాబ్, డ్రైవర్ సీటు అంచు, పెడళ్ల రబ్బర్ల అరుగుదలతో పోల్చి చూడాలి.

బాడీ చూసే పద్ధతి

బండిని పగటి వెలుతురులో, కడిగి ఆరిన తర్వాత చూడాలి. వాన తడి, రాత్రి దీపాలు పెయింట్‌లోని తేడాలను దాచేస్తాయి. ఒక మూల నుంచి బాడీ వెంట చూపు సారిస్తే టింకరింగ్ చేసిన చోట ప్రతిబింబం అలలుగా విరుగుతుంది. బానెట్‌కూ ఫెండర్‌కూ, తలుపుకూ తలుపుకూ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. పుట్టీ పెట్టి నున్నగా చేసిన చోట అయస్కాంతం అతుక్కోదు.

పెయింట్ కన్నా లోపలి ఇనుము ముఖ్యం. బంపర్ గీసుకుపోయి రంగు వేయించడం నగరంలో తిరిగే ప్రతి బండికీ మామూలే, దానికి భయపడనక్కర్లేదు. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కొంచెం లాగి చూస్తే, ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగ్ గుర్తులు సమాన దూరంలో చిన్న గుంటల్లా కనిపిస్తాయి. అక్కడ గుంటలు పోయి వెల్డింగ్ ముద్దలు ఉంటే తలుపు పక్క స్తంభం దాకా దెబ్బ తగిలినట్టే. బానెట్ లోపల ఇంజిన్‌కు రెండు వైపులా పొడవునా ఉండే ఉక్కు దూలాలు వంగినా, కొత్తగా రంగు వేసి ఉన్నా ఆ బండి జోలికి పోకూడదు. ఎదురుదెబ్బ తగిలినప్పుడు లోపలివారిని కాపాడాల్సింది ఆ దూలాలే.

అద్దాల మూలల్లో కంపెనీ ముద్ర, సంవత్సరం గుర్తు ఉంటాయి. అన్నీ ఒకటే కంపెనీవి, దాదాపు ఒకే కాలంవి కావాలి. ముందు అద్దం రాయి తగిలి మారి ఉండొచ్చు కానీ, పక్క తలుపు అద్దం ఊరికే మారదు. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చెదిరి ఉంటే వాటిని విప్పి బిగించారని అర్థం.

టైరు పక్కన నాలుగు అంకెల్లో అది తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. 2022 బండి 25 వేలే తిరిగిందంటూ నాలుగు టైర్లూ 2025వి ఉంటే కిలోమీటర్ల మాట నమ్మదగ్గది కాదు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. ఆ హద్దును సూచించే చిన్న దిమ్మెలు గాడుల్లోనే ఉంటాయి. నాలుగు టైర్లూ గుండు అయి ఉంటే కొత్తవాటి ఖర్చు ధరలోంచి తీసేయమని అడగాలి.

ఇంజిన్, రోడ్డు పరీక్ష

చూడ్డానికి వస్తున్నట్టు ముందే చెప్పి, తాము వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని కోరాలి. చల్లగా ఉన్న ఇంజిన్ లోపాలను దాచలేదు. వేడెక్కాక చాలా శబ్దాలు సద్దుమణుగుతాయి. స్టార్ట్ చేయకముందే ఆయిల్ మూత విప్పి చూడాలి. మూత లోపల మీగడలాంటి తెల్లటి పూత ఉంటే కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. కూలెంట్ ట్యాంకులో రంగు ద్రవం కాకుండా తుప్పు నీళ్లు కనిపిస్తే కుళాయి నీళ్లతో నెట్టుకొచ్చారని తెలుస్తుంది.

స్టార్ట్ చేశాక సైలెన్సర్ దగ్గర ఒకరు నిలబడాలి. నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. నల్లపొగ ఇంధనం పూర్తిగా మండటం లేదని చెబుతుంది. చల్లటి ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి రావడం సహజమే. ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు, అది పెద్ద ఖర్చు. స్టార్ట్ చేయకుండా కీ తిప్పినప్పుడు డ్యాష్‌బోర్డులో అన్ని దీపాలూ వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లేదా ఇంజిన్ దీపం అసలు వెలగకపోవడం కూడా లోపమే. లోపాన్ని దాచడానికి ఆ దీపాన్ని తప్పించి ఉండొచ్చు. మెకానిక్ దగ్గరుండే స్కానర్‌ను స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల జాబితా వస్తుంది.

నడిపి చూడటానికి కనీసం అరగంట కావాలి. అందులో ట్రాఫిక్, గతుకుల రోడ్డు, ఫ్లైఓవర్ ఎక్కడం, కాస్త వేగంగా వెళ్లే రోడ్డు ఉండాలి. పై గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం ఊపందుకోకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ పట్టు సడలిస్తే బండి ఒక పక్కకు లాగకూడదు. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ అదిరితే డిస్కులు వంకరపోయి ఉండొచ్చు. గతుకుల్లో కింద నుంచి టకటక మోగితే సస్పెన్షన్ బుష్‌లు, లింకులు చూపించాలి. మలుపులో ఒక పక్క నుంచి గుర్రుమనే మోత వీల్ బేరింగ్‌ది కావొచ్చు. చివరగా, తనకు తెలిసిన మెకానిక్‌తో బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూపించడానికయ్యే వెయ్యో రెండు వేలో దండగ ఖర్చు కాదు.

వరదలో మునిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో వేల వాహనాలు నీట మునిగాయి. ఇలాంటి వరదల తర్వాత మునిగిన బండ్లు శుభ్రపడి, వేరే జిల్లాల మార్కెట్లలో కనిపిస్తాయి. పైకి ఏ లోపమూ ఉండదు. వైర్ల జాయింట్లు, కంప్యూటర్ పెట్టెల్లో పట్టిన తుప్పు మాత్రం నెలల తర్వాత ఒక్కోటిగా బయటపడుతుంది.

అలాంటి బండిని గుర్తించడానికి సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. మునిగిన బండిలో బెల్టు అడుగు భాగాన బురద మరక గీతలా మిగులుతుంది. సీట్ల కింది పట్టాలు, బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింద ఇసుక, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల నీటి మరకలు, ఏసీ వేయగానే వచ్చే ముక్కవాసన మిగతా గుర్తులు. ఐదేళ్ల బండిలో కార్పెట్లన్నీ సరికొత్తవైతే అదీ అనుమానించాల్సిన సంగతే.

సొమ్ము, పేరు మార్పు

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ధర, మిగిలిన సొమ్ము ఎప్పుడిచ్చేది, కాగితాలు ఎవరు పూర్తిచేసేది రాసుకోవాలి. చెల్లింపు బ్యాంకు ద్వారా, ఆర్సీలో పేరున్న వ్యక్తి ఖాతాలోకే జరగాలి. బండి అప్పగించే రోజు తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసి ఇద్దరూ డెలివరీ నోట్ మీద సంతకం చేసుకోవాలి. ఆ క్షణానికి ముందు పడిన చలానా పాతవారిది, తర్వాతది కొత్తవారిది.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్పై రోజుల్లో ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. అమ్మినవారి తరఫున ఫారం 29, ఇద్దరి సంతకాలతో ఫారం 30, వాటితో ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. యజమాని చనిపోయిన బండి అయితే వారసులు ఫారం 31 ద్వారా ముందు తమ పేరుకు మార్చుకున్నాకే అమ్మాలి.

సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చేతులు మారుతూ ఉండగా బండి ఏళ్ల తరబడి పాత పేరు మీదే తిరగడం మన దగ్గర మామూలు. దాని ఫలితం ఏమిటో 2018లో నవీన్‌కుమార్, విజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ వాహనం పలువురి చేతులు మారినా రిజిస్ట్రేషన్ మొదటి వ్యక్తి పేరునే ఉండిపోయింది. ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రికార్డుల్లో పేరున్న యజమానిదేనని కోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి పేరు మార్పు కొన్నవారికి ఎంత అవసరమో, అమ్మినవారికీ అంతే అవసరం.

బీమా

బండి చేతులు మారగానే థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి దానంతట అదే సంక్రమిస్తుంది. ఓన్ డ్యామేజ్ భాగం అలా రాదు. కొన్నవారు పద్నాలుగు రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. ఈలోగా ప్రమాదం జరిగి పాలసీ పాతవారి పేరుతో ఉంటే సొంత బండి మరమ్మతు క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదముంది. నో క్లెయిమ్ బోనస్ బండికి కాదు, మనిషికి చెందింది. పాతవారి బోనస్ కొన్నవారికి రాదు, ఆ తేడా ప్రీమియం కట్టాలి. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానాతో పాటు మూడు నెలల దాకా జైలు శిక్షకూ అవకాశముంది.

మామూలు పాలసీలో మరమ్మతు ఖర్చంతా రాదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీ ఖర్చులో సగం, ఫైబర్ భాగాల్లో 30 శాతం తరుగు కింద కోసేస్తారు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోత ఉంటుంది. అద్దాలకు కోత లేదు. ఈ కోత లేకుండా చేసేదే జీరో డిప్రిసియేషన్. ఇప్పటి బంపర్లు, హెడ్‌లైట్లు ప్లాస్టిక్‌వే కాబట్టి వయసు తక్కువున్న బండికి ఇది లాభసాటి. నీళ్లు నిలిచే ప్రాంతాల్లో ఉండేవారికి ఇంజిన్ ప్రొటెక్షన్ అవసరం. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తాయి. గాలిలా నీటిని నొక్కిపెట్టడం పిస్టన్ వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు పాలసీలో ఇలాంటి నష్టానికి డబ్బు రాదు. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ కీ తిప్పకుండా తోసుకుంటూ గట్టు ఎక్కించి, టోయింగ్ వాహనాన్ని పిలవడమే సరైన పద్ధతి.

కొన్నాక చూసుకోవడం

పాతవారు ఎప్పుడేం మార్చారో కచ్చితంగా తెలియనప్పుడు కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించి, అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టడం మేలు. ఎక్కువ కార్లకు 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలి. బండి తక్కువ తిరిగినా ఏడాదికి ఆయిల్ గుణం తగ్గుతుంది. ఏ గ్రేడ్ ఆయిల్ వాడాలో యజమాని పుస్తకంలో ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పాత ఇంజిన్ మెత్తగా నడుస్తుందన్న గ్యారేజీ సలహాకన్నా ఆ పుస్తకమే ప్రమాణం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ రోడ్డు మీద పదేపదే బ్రేకు వేసినప్పుడు మరిగి, పెడల్ మెత్తబడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో పుస్తకంలో చెప్పిన గడువుకు బెల్టు మార్చి తీరాలి. నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను ఢీకొంటాయి. కొన్ని వేలతో పోయే పని ఇంజిన్ విప్పేదాకా వెళ్తుంది. చైన్ ఉన్న ఇంజిన్లకు ఆ గడువు ఉండదు కానీ, ఆయిల్ సమయానికి మార్చకపోతే చైన్ సాగి మోగుతుంది.

టైర్లలో గాలి రెండు వారాలకోసారి, బండి నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. ఏప్రిల్, మే నెలల్లో గాలి తక్కువున్న టైరుతో హైవే మీద వేగంగా వెళ్తే పక్క గోడలు నలిగి వేడెక్కి పేలిపోతాయి. గాడులు ఎంత బాగున్నా ఐదారేళ్లు దాటిన టైర్లను దూర ప్రయాణాలకు నమ్ముకోకూడదు.

ఎర్ర దీపాలకూ పసుపు దీపాలకూ తేడా ఇంట్లో బండి నడిపే ప్రతివారికీ తెలిసి ఉండాలి. పసుపుది వీలైనంత త్వరలో చూపించమని, ఎర్రది వెంటనే ఆపమని చెబుతుంది. నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగాక ఇంకో కిలోమీటరు వెళ్లినా ఇంజిన్ పట్టేయొచ్చు. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత చేరితే బండి పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

తీర ప్రాంతపు ఉప్పు గాలికి అడుగు భాగం త్వరగా తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడల్లాంటి చోట్ల నెలకోసారైనా అడుగున నీళ్లు కొట్టించాలి. రోజుల తరబడి కదలని బండిలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి, బ్యాటరీ దిగిపోతుంది. వారానికోసారి పావుగంటైనా నడిపితే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

మళ్లీ అమ్మేటప్పుడు

సర్వీసు బిల్లులు, టైర్లు, బ్యాటరీ రసీదులు, పాత పాలసీలు తేదీల వారీగా ఒక ఫైల్లో ఉంచుకున్నవారి మాటకు బేరంలో విలువ ఎక్కువ. అమ్మినవారు ఫారం 29 దాఖలు చేసిన రసీదు దాచుకోవాలి. ఫాస్టాగ్ మరొకరికి బదిలీ కాదు కాబట్టి దాన్ని మూయించాలి, లేకపోతే కొత్తవారి టోల్ సొమ్ము పాతవారి ఖాతాలోంచి పోతుంది. బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొనే మరో కారుకు ఆ రాయితీ వర్తిస్తుంది. నెలా రెండు నెలల తర్వాత ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి, పేరు మారిందో లేదో చూసుకోవాలి. అధికారం ఉన్న డీలరుకు అప్పగిస్తే తప్ప, ఆ పేరు మారేదాకా బండి బాధ్యత అమ్మినవారి మీదే ఉంటుంది.